చాంద్ ఆపా జడ

చాంద్ సుల్తానా స్కూటీ ఏ సందు మొగలో ఆగితే ఆ సందులో కిటికీలన్నీ ఒకదాని తర్వాత ఒకటి తెరుచుకుంటాయి. వచ్చింది ఎవరింటికి? ఎవరి పిల్లకి ఈడు రాకుండానే పెళ్ళి కుదిర్చారు? ఎవరి గుంటడు బడి మానేసి ఆటోనగర్ షెడ్డులో నట్లు బిగిస్తున్నాడు? అడిగితే చెప్పదు. "టీ తాగడానికొచ్చానమ్మా" అంటుంది. టీ నిజంగానే తాగుతుంది. తాగుతూనే ఆ ఇంట్లో ఎవరు ఎవర్ని చూసి మాట మింగేస్తున్నారో, చంటిది ఏడిస్తే ముందు లేచేది ఎవరో, పిల్లలు తండ్రి చెప్పుల చప్పుడుకి గుమ్మంలోకి పరిగెడతారో పెరట్లోకి పరిగెడతారో అన్నీ చూసేస్తుంది. ఆవిడ ఉద్యోగమే అది. దారితప్పిన పిల్లలు, దిక్కులేని పిల్లలు, దిక్కుండీ దెబ్బలు తినే పిల్లలు, వీళ్ళందరినీ కనిపెట్టుకుని ఉండే ప్రభుత్వ విభాగంలో అవుట్‌రీచ్ వర్కరు. పేరు ఇంగ్లీషులో దర్జాగా ఉంటుంది గానీ, పని మాత్రం పొద్దస్తమానం వీధులు తిరగడం, మనుషుల్ని అడగడం, అడిగిందే ఇంకోలా మళ్ళీ అడగడం.

ఈ అడిగే గుణం ఆవిడకి చిన్నప్పుడే వచ్చింది. పాత పోస్టాఫీసు దగ్గర తండ్రి గఫూర్‌కి తాళాలు బాగుచేసే కొట్టుండేది. ఆయన తాళం విప్పుతుంటే ఈ పిల్ల స్టూలెక్కి కూర్చుని, వచ్చినవాళ్ళని "తాళంచెవి ఎలా పోయింది? ఆఖరున ఎవరి చేతిలో చూశారు? అప్పుడు ఇంట్లో ఎవరెవరున్నారు?" అని పోలీసులా నిలదీసేదట. సగంమంది అక్కడే గుర్తొచ్చి ఇంటికి పరిగెత్తేవాళ్ళట. "నా బేరాలన్నీ చెడగొడుతోంది" అని గఫూర్ మొత్తుకునేవాడు.

పెద్దయ్యాక ఎన్ని బేరాలు చెడగొట్టిందో లెక్కలేదు. గాజువాకలో ఒక పెళ్ళికి పిలవని పేరంటంగా వెళ్ళి, పందిట్లో కూర్చోకుండా వంటవాళ్ళతో కలిసి ఉల్లిపాయలు తరిగి, పెళ్ళికూతురు తొమ్మిదో తరగతి అని అక్కడే కూపీ లాగి, పెళ్ళి ఆపించింది. ఆ పిల్ల తల్లి చాంద్‌ని తిట్టని తిట్టు లేదు. ఆ తల్లే తర్వాత రెండో పిల్లకి హాస్టల్ సీటు కావాలని ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. చాంద్ ఏమీ ఎత్తిపొడవలేదు. "ఆ రోజు మీ పులుసు బాగుందమ్మా" అంది, అంతే.

ఇంతటి మనిషీ ఒక పొరపాటు చేసింది. పిల్లల పని చేసేవాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యలేని పొరపాటు. చేసింది సరే, దాన్ని ఎలా దిద్దుకుందో అదీ చెప్పుకోవలసిన సంగతి.

కూర్మన్నపాలెం జంక్షన్లో ఒక పాప దొరికింది. మూడేళ్ళు నిండాయో లేదో. జామకాయల బండి పక్కన గోనెసంచి మీద కూర్చుని ఉంది. "ఒకావిడ బస్సు దిగి, పాలపేకెట్టు తెత్తాను, గుంటని సూడండని ఎల్లిందండి. మరి రానేదు" అని బండాయన పోలీసులకి చెప్పాడు. అందరూ ఒకటే అనుకున్నారు, వదిలించుకుని పోయిందని. పాపని శిశుగృహలో పెట్టారు. పేపర్లో ఫొటో వేశారు. ఎవరూ రాలేదు. గడువులోగా ఎవరూ రాకపోతే దత్తతకి ఇచ్చేస్తారు.

పాప పేరడిగితే చెప్పదు. ఊరడిగితే చెప్పదు. శిశుగృహలో ఆయాగా చేసే దేముడమ్మ "మాలచ్మి అని పెడదాం మేడం" అంటే చాంద్ ఒప్పుకోలేదు. "వద్దు దేముడమ్మా. ఎవరో పెట్టిన పేరొకటి ఉంటుంది. మనం ఇంకోటి పిలిస్తే అది మాసిపోతుంది" అంది. అందుకని చిన్నపాప అనే పిలిచారు.

ఆ పాప ఎవరినీ తల ముట్టుకోనిచ్చేది కాదు. జుట్టంతా చిక్కు. దువ్వెన చూస్తే మంచం కిందికి దూరేది. ఒకరోజు చాంద్ వచ్చి మంచం పక్కన నేలమీద కూర్చుని దేముడమ్మతో ఏదో మాట్లాడుతుంటే, వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి ఆవిడ జడ పట్టుకుంది. చాంద్‌ది నడుం దాటే జడ, దుపట్టా కింద దాగదు. పాప ఆ జడ కొస పట్టుకుని, చెంపకి ఆనించుకుని, అలాగే నిద్రపోయింది.

"ఓలమ్మో! మాకెవురికీ అందని గుంట మీ కాడికి ఎలాగొచ్చీసిందో సూడండి" అంది దేముడమ్మ.

ఆ రోజు నుంచి చాంద్ దారి మళ్ళించుకుని మరీ శిశుగృహకి వచ్చేది. వచ్చి తల దువ్వేది. దువ్వించుకున్నంతసేపూ పాప ఆవిడ జడ పట్టుకునేది. వెళ్ళేటప్పుడు మిగతా పిల్లల్లాగే ఆపా, అంటే ఉర్దూలో అక్కా, అని పిలుస్తూ ఏడ్చేది. కొత్తగా చేరినవాళ్ళకి చాంద్ తానే చెప్పేది, ఒక్కరికే పిల్లని అలవాటు చెయ్యకండి, ఆయాలు వంతులు మార్చుకోండి, మనం దాటించేవాళ్ళమే గానీ ఉంచుకునేవాళ్ళం కామని. చెప్పిన మనిషే మర్చిపోయింది.

అలాగని ఆ తల్లిని వెతకడం మాత్రం మర్చిపోలేదు. కూర్మన్నపాలెం వెళ్ళి జామకాయల బండి దగ్గర నిలబడి ఒక కాయ కోయించుకుంది.

"ఆవిడ గురించి తెలిసిందంతా చెప్పీశానండి. మళ్ళా ఏటడుగుతారు?" అన్నాడు బండాయన.

"ఆవిడ గురించి కాదు బాబూ. ఆ రోజు ఇక్కడ ఇంకేటి జరిగింది?"

"ఏటీ నేదండి. బేరాల్లేవు. రోడ్డవతల బైకు గుద్దీసి ఎవురికో తల పగిలిందని జనం అంతా అటే పోనారు."

"ఎవరికి?"

"ఎవురో! నాను బండొగ్గీసి ఎలాగెల్తాను? గుంట నా మీదుంది కదా!"

చాంద్ చేతిలో జామకాయ చేతిలోనే ఉండిపోయింది. పాపని చూసుకుంటూ కూర్చున్నాడు కాబట్టే అతను అటు వెళ్ళి చూడలేదు. చూసుంటే అప్పుడే తేలిపోయేది.

అక్కణ్ణించి నేరుగా పెద్దాసుపత్రికి వెళ్ళింది. ఆడవాళ్ళ వార్డులో మంచం మంచానికీ వెళ్ళి పలకరించింది. మూలమంచం మీద ఒకామె ఉంది. తలకి ఆపరేషన్ చేసి గుండు చేశారు. మాట ఈమధ్యే తిరుగుతోంది. "ఎప్పుడూ గుంటేది, గుంటేది అంటాది, గేనం సరిగా నేదు" అంది పక్కమంచం ముసలమ్మ.

చాంద్ వంగి అడిగింది. "ఏ గుంటమ్మా?"

"నా కీర్తన. జామకాయల బండి కాడ కూకోబెట్టినాను. పాలు తెత్తానని సెప్పినాను" అంది ఆమె. కళ్ళల్లోంచి నీళ్ళు చెవుల్లోకి కారిపోతున్నాయి.

ఆమె పేరు చిట్టెమ్మ. భోగాపురం అవతల సముద్రం ఒడ్డు ఊరు. భర్త కొండలరావు గుజరాత్ బోట్ల మీద చేపల వేటకి పోయాడు. చిట్టెమ్మ బిల్డింగ్ పనికని పిల్లనేసుకుని వచ్చింది. ఊళ్ళోవాళ్ళు విశాఖపట్నంలో పని చేసుకుంటోందనుకున్నారు. ఫోను రోడ్డు మీదే పోయింది. చాంద్ ఆ ఊరు వెళ్ళి, అంగన్‌వాడీ టీచర్ని కలిసి, పాపకి టీకాలు వేయించిన కాగితాలతో సహా తెచ్చింది. ఇక తల్లీబిడ్డల్ని కలపడమే తరువాయి అనుకుంది.

చిట్టెమ్మకి నయమయ్యాక బాలల సంక్షేమ కమిటీ ముందుకి తీసుకొచ్చారు. కమిటీ అధ్యక్షురాలు సూర్యకాంతమ్మగారు హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మనిషి. మాట కరుకు, చూపు నిదానం. ఆవిడ పద్ధతి ఒకటుంది. పిల్లని గదిలోకి తెచ్చి మధ్యలో వదిలేస్తారు. ఎవరూ పేరు పెట్టి పిలవకూడదు, చేతులు చాచకూడదు, బిస్కెట్టు చూపించకూడదు. పిల్ల తనంతట తాను ఎవరి దగ్గరికి వెళుతుందో చూస్తారు. కాగితాలు అబద్ధం చెప్పినా పిల్లలు చెప్పరని ఆవిడ నమ్మకం.

దేముడమ్మ పాపని తెచ్చి దింపింది. చిట్టెమ్మ కుర్చీ అంచున కూర్చుని ఉంది. సగం మొలిచిన జుట్టు, చెవి పైన కుట్ల మచ్చ, పీక్కుపోయిన మొహం. పాప ఆమె వైపు చూసింది. చూసి కెవ్వున అరిచింది. అరిచి, గది ఆ మూలనుంచి ఈ మూలకి పరిగెత్తుకొచ్చి, చాంద్ కాళ్ళు చుట్టేసుకుని, జడ అందుకుంది.

"ఆపా! ఆపా!"

చిట్టెమ్మ లేవలేదు, ఏడవలేదు. "మరిసిపోనాది" అంది. అదొక్కటే.

పాపని బయటికి పంపాక సూర్యకాంతమ్మగారు అడిగారు. "ఏమ్మా, పిల్లని కొట్టేదానివా?"

"నేదమ్మా!"

"మరి నిన్ను చూసి అంత బెదిరిందేం? రోడ్డు మీద ఎందుకు వదిలావు?"

"రోడ్డు దాటడానికమ్మా. ఎత్తుకుని దాటితే ఇద్దరం పోయీవోళ్ళం కదా" అంది చిట్టెమ్మ.

సూర్యకాంతమ్మగారు కాగితాలు ఇంకోసారి తిరగేసి అన్నారు. "కాగితాలు నువ్వు తల్లివనే చెబుతున్నాయి. కాదనను. కానీ పిల్ల ఇలా హడలిపోతుంటే పంపితే రేపు ఏం జరిగినా బాధ్యత నాది. ఇంకోసారి కూర్చుందాం. అప్పుడూ రాకపోతే మాత్రం ఇప్పట్లో అప్పగించలేను. పాప శిశుగృహలోనే ఉంటుంది, విచారణ మళ్ళీ మొదటికొస్తుంది."

ఆ సాయంత్రం చాంద్ ఇంట్లో అన్నం ముట్టలేదు. భర్త ఇర్ఫాన్ ఆటోనగర్ నుంచి వచ్చి, గిన్నెల మీద మూతలు అలాగే ఉండడం చూసి, "ఏటి, ఇవాళ ఏ పిల్లకి పెట్టీసొచ్చావు నీ ఆకలి?" అన్నాడు. డిగ్రీ చదివే కూతురు ఫర్హా తల్లిని పీటమీద కూర్చోబెట్టి జడ విప్పింది. దువ్వెన కిందికి దిగలేదు.

"ఛీ అమ్మీ! బెల్లం పాకం అంటుకుంది. కొసంతా ఎవరో నమిలేశారు. ఎవరే ఇది నీ జడ తింటోంది?"

"ఉందిలే ఒక పిల్ల."

"నాకు జడ వెయ్యమంటే టైం లేదంటావు. ఊళ్ళో పిల్లలకి మాత్రం నీ జడే ఇచ్చేస్తావు. నేనెప్పుడైనా ఇలా పట్టుకుని పడుకున్నానా?"

"నువ్వు మీ నాన్నమ్మ కొంగు పట్టుకునేదానివి. అది లేకపోతే నిద్రే..."

మాట సగంలో ఆపేసింది చాంద్. సగం జడతోనే లేచి చెప్పులేసుకుంది. "అమ్మీ, జుట్టు!" అని ఫర్హా అరుస్తున్నా వినలేదు.

చిట్టెమ్మని ఉంచిన ఆడవాళ్ళ వసతిగృహానికి వెళ్ళి, కూర్చోకుండానే అడిగింది. "పాప ఎలా పడుకునేది? చేతిలో ఏం పట్టుకునేది?"

చిట్టెమ్మ కురచ జుట్టు మీద చెయ్యి పెట్టుకుంది. "నా జడట్టుకునే తొంగునేదప్పా. ఇంతుండీది నా జడ" అని నడుం కింద చూపించింది.

చాంద్ గోడకి చేరగిలబడింది. ఇన్నాళ్ళూ పాప తనకి దగ్గరైందనుకుని లోలోపల మురిసిపోయింది. పాప వెతుక్కున్నది వాళ్ళమ్మని. దొరికినంతవరకు పట్టుకుంది. ఆ తల్లి వచ్చి కూర్చునేసరికి జడ ఇక్కడుంది, మనిషి అక్కడుంది. పసిదానికి ఏం తెలుస్తుంది?

"తప్పు నాదమ్మా. నీది కాదు, పిల్లది కాదు" అంది చాంద్.

"అదేటప్పా, నువ్వు నేకపోతే నా గుంట ఎక్కడుందో నాకు తెలుద్దా?"

"రేపట్నుంచి నువ్వే వెళ్ళు అక్కడికి. నేను వెళ్ళను."

మర్నాడు సూర్యకాంతమ్మగారి దగ్గరికి వెళ్ళి జరిగిందంతా చెప్పేసింది. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని, "నీ దగ్గర్నించి ఇది వింటానని అనుకోలేదు సుల్తానా" అన్నారు. తిట్టారో మెచ్చుకున్నారో తెలియలేదు. చిట్టెమ్మ శిశుగృహకి వెళ్ళడానికి మాత్రం అనుమతి రాసిచ్చారు.

చిట్టెమ్మ రోజూ వెళ్ళేది. దగ్గరికి తీసుకోవద్దు, పిలవొద్దు, కనపడుతూ ఉంటే చాలని చాంద్ చెప్పింది. పసిపిల్లల బట్టలు ఉతికేది. ఆరేసేది. మిగతా పిల్లలకి ముక్కులు తుడిచేది. పాప దేముడమ్మ చీర చాటునుంచి చూసేది. కొన్నాళ్ళకి అరవడం మానేసింది. తర్వాత బిస్కెట్టు ఇస్తే తీసుకునేది గానీ, తీసుకుని పారిపోయేది. ఒళ్ళోకి మాత్రం రాలేదు.

చాంద్ ఏమో రోడ్డవతల మందులషాపు దగ్గర స్కూటీ ఆపుకుని నిలబడేది. దేముడమ్మ బయటికొచ్చి కబురు చెప్పేది. ఒకరోజు కబురు బదులు చీవాట్లు పెట్టింది.

"రోజూ ఆపా ఏదీ అని గుమ్మంకాడ కూకుంటంది మేడం! నువ్విక్కడ నిలబడి మందుసీసాలు లెక్కెడతన్నావు. నీకు గుండెకాయుందా, నేదా?"

"తల దువ్వించుకుంటోందా?"

"దువ్వనిత్తన్నాది. నాకిచ్చింది, నిన్న చిట్టెమ్మక్కూడా ఇచ్చింది. రెండు దువ్వులు."

"అయితే నేను రానే రాను" అంది చాంద్. అంటూనే ముక్కు చీదుకుంది.

అంతలో గేటు సందులోంచి పాప ఆవిణ్ణి చూసేసింది. కమ్మీల్లోంచి రెండు చేతులూ చాపి "ఆపా!" అంది. మందులషాపు కుర్రాడు, ఆటోవాళ్ళు అందరూ చూస్తున్నారు. చాంద్ వెనక్కి తిరిగింది. స్కూటీ స్టార్ట్ అవలేదు. తోసుకుంటూ మలుపు తిరిగే వరకూ ఆ పిలుపు వినపడుతూనే ఉంది. ఎవరి పెళ్ళిళ్ళో ఆపి తిన్న తిట్లు ఆవిడ దులిపేసుకుంది గానీ, ఆ పిలుపు మాత్రం దులుపుకుంటే పోలేదు.

రెండోసారి కమిటీ కూర్చునే రోజు వచ్చింది. సూర్యకాంతమ్మగారు చాంద్‌తో మెల్లగా అన్నారు. "నువ్వు బయట కూర్చో. నువ్వు కనపడకపోతే పాపకి తేలిక."

"తేలికే మేడం. కానీ నేను లేనప్పుడు వెళితే, ఇంకెవరూ లేక వెళ్ళిందంటారు ఎవరైనా. నన్ను చూసి కూడా వాళ్ళమ్మ దగ్గరికెళ్తేనే మీకు నమ్మకం, నాకూ నమ్మకం. నేను లోపలే కూర్చుంటాను."

"రాకపోతే?"

"రాకపోతే మీరన్నట్టే" అంది చాంద్.

అయితే ఆ రోజు జడ లేదు. ఫర్హాచేత ముడి వేయించుకుని, దుపట్టా నెత్తి చుట్టూ బిగించుకుని వచ్చింది.

దేముడమ్మ పాపని తెచ్చి గది మధ్యలో దింపింది. పాప చుట్టూ చూసింది. చాంద్ కనపడింది. మొహం విప్పారింది. నవ్వుతూ రెండడుగులు వేసింది.

చాంద్ తలెత్తలేదు. ఒళ్ళో ఉన్న సంచి జిప్పు ఊరికే లాగుతోంది, మూస్తోంది. చేతులు చాచకూడదు. నవ్వకూడదు. కళ్ళు కలిపితే అయిపోయింది.

పాప ఆగింది.

చిట్టెమ్మ అదంతా చూసింది. పిల్ల మళ్ళీ ఆవిడ దగ్గరికే పోతోందనుకుంది. రెండోసారి చూడలేకపోయింది. కుర్చీలోంచి జారి నేలమీద కూలబడి, కమిటీకీ పిల్లకీ అందరికీ వీపు పెట్టేసి, గోడవైపు తిరిగి కూర్చుంది. మోకాళ్ళ మీద తల వాల్చేసింది. "ఏమ్మా, ఇటు తిరుగు" అని ఒక సభ్యుడు అనబోతే సూర్యకాంతమ్మగారు చేత్తో ఆపారు.

పాప ఆ వీపువైపు చూసింది. చాలాసేపు చూసింది. మొహం వేరే అయిపోయిన ఆ మనిషి వీపు మాత్రం వేరే కాలేదు కాబోలు. మెల్లగా వెళ్ళింది. రెండు చేతులూ ఆ మెడ చుట్టూ వేసింది. కాళ్ళు ఎత్తి నడుం చుట్టూ బిగించింది.

"ఉప్పూ" అంది.

సముద్రం ఒడ్డున చిట్టెమ్మ చేపలు ఎండబెట్టేటప్పుడు పిల్ల రోజూ అలాగే వెనకనుంచి ఎక్కేదట. ఉప్పుమూట ఆట. అంత మామూలు సంగతి కాబట్టే ఎవరడిగినా ఆమెకి చెప్పాలని తోచలేదు.

"ఉప్పెవురికమ్మా, ఉప్పు" అంది చిట్టెమ్మ.

"నాకూ నాకూ" అని పాప తల్లి కురచ జుట్టు మీద చెంప ఆనించేసింది.

సభ్యుల్లో ఒకాయన కిటికీవైపు తిరిగి దగ్గడం మొదలుపెట్టాడు. దేముడమ్మ అయితే దాపరికమేం లేకుండా బావురుమంది. సూర్యకాంతమ్మగారు కాగితం ముందుకి లాక్కుని, గట్టిగా చదువుతున్నట్టు నటించి, "సంతకం పెట్టాలమ్మా. పిల్లని తల్లికి అప్పగించినట్టు" అన్నారు.

చిట్టెమ్మ వీపుమీద పిల్లతోనే లేచి బల్ల దగ్గరికి వచ్చింది. రెండు చేతులూ వెనక్కి, పిల్ల కింద. వేలిముద్ర ఎలా వెయ్యాలి? చుట్టూ చూసి, అందరికంటే దగ్గరున్న చాంద్‌వైపు వంగింది. "ఒక్క నిమిషం ఎత్తుకోప్పా. ఏలుముద్రేసిత్తాను."

చాంద్ చేతులు వాటంతట అవే లేచాయి. లేచిన చేతుల్ని వెనక్కి కట్టుకుంది.

"నా చేతికి ఇవ్వకు. ఎవరి చేతికీ ఇవ్వకు. అలాగే ఉండి వెయ్యి."

సూర్యకాంతమ్మగారు కుర్చీలోంచి లేచారు. సిరా డబ్బా ఒక చేత్తో, కాగితం అంటించిన అట్ట ఒక చేత్తో పట్టుకుని, బల్ల చుట్టూ తిరిగి వచ్చి చిట్టెమ్మ వెనకాల వంగారు. పిల్ల కింద ఉన్న చెయ్యి బొటనవేలు ఒక్కటి చాపితే, దానికే సిరా పూసి, అక్కడే అట్ట ఆనించి ముద్ర వేయించుకున్నారు. వేలిముద్ర పక్కన పాప కాలిమడమ తగిలి కాస్త మరక పడింది.

"ఆ మరక ఉండనీండి" అన్నారు ఆవిడ.